కొండజాతి వాద్యం – కెనడా బ్యాండు కథ

(సంఘం వార్షికోత్సవాల్లో భాగంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'మన కళలు – యువత పాత్ర'. ఈ పేరుతో మీరు ఇప్పటికే చాలా ఉపన్యాసాలు విని ఉంటారు. మన కళలు గొప్పవి, అంతరించిపోతున్నాయి, మీరే కాపాడాలి అంటారు. శాలువా కప్పించుకుని వెళ్లిపోతారు. ఎట్లా కాపాడాలో మాత్రం చెప్పరు. అందుకే నేను ఇవాళ మన డోలు గురించి తక్కువ, పరాయి దేశంలోని ఒక బ్యాండు గురించి ఎక్కువ మాట్లాడతాను. ఆ బ్యాండు పేరు సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ పైప్ బ్యాండ్. ఉండేది కెనడా పడమటి ఒడ్డున, వాంకూవర్ పక్కనున్న బర్నబీలో. వాళ్లు వాయించేది స్కాట్లాండ్ కొండవాళ్ల వాద్యం, బ్యాగ్‌పైప్. స్కాట్లాండ్ అక్కడికి సుమారు 7000 కిలోమీటర్ల దూరం. అంత దూరం నుంచి వెళ్లి, ఆ వాద్యం పెరిగిన గడ్డ మీదే పోటీ పడి, ఆరుసార్లు ప్రపంచ విజేతలయ్యారు. ఎట్లా అయ్యారో తెలుసుకుంటే మనకు పనికొస్తుందని నా నమ్మకం.

బ్యాగ్‌పైప్‌ను మీరు చూసే ఉంటారు. జనవరి 29న ఢిల్లీలో బీటింగ్ రిట్రీట్ జరిగేటప్పుడు సైనికులు చంకలో ఒక సంచి పెట్టుకుని, భుజం మీద మూడు గొట్టాలు ఆనించుకుని ఊదుతూ నడుస్తారే, అదే. బ్రిటిష్ సైన్యంలోని స్కాట్లాండ్ పటాలాలతో మన దేశానికి వచ్చింది. వాళ్లు వెళ్లిపోయినా అది మన సైన్యంలో ఉండిపోయింది. అయితే ఊపిరిని తోలుసంచిలో నింపి వాయించడం మనకు కొత్తేమీ కాదు. తెలుగు నేల మీద 'తిత్తి' అనే వాద్యం ఉంది. మేకతోలును సంచిలా ఒలిచి, గొట్టం బిగించి, పాట వెనక శ్రుతి పట్టడానికి వాడేవాళ్లు. కొలిమితిత్తి పనిచేయడం చూసినవాళ్లకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.

స్కాట్లాండ్ తిత్తికి ఊపిరి ఊదే గొట్టం ఒకటి. వేళ్లతో స్వరాలు పలికించే గొట్టం ఒకటి, దాన్ని చాంటర్ అంటారు. ఆగకుండా శ్రుతి పట్టే గొట్టాలు మూడు. చాంటర్ మీద పలికేవి తొమ్మిది స్వరాలే. ఇంకో చిక్కుంది. చంకతో సంచిని నొక్కుతున్నంతసేపూ నాదం ఆగదు. స్వరాన్ని మధ్యలో తెంపలేం. ఒకచోట గట్టిగా, ఒకచోట మెల్లగా పలికించలేం. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే ఆ రెండింటి మధ్యన రెప్పపాటులో వేరే స్వరాన్ని తాకి రావాలి. ఆ తాకుళ్లలోనే పనితనమంతా ఉంది. ఒక్కరే వాయిస్తుంటే చిన్న తప్పు పాటలో కలిసిపోతుంది. ఇరవై మంది కలిసి వాయించేటప్పుడు ఒక్క వేలు ఆలస్యమైనా అందరికీ తెలిసిపోతుంది. పైగా ఎండకు, చలికి, తేమకు శ్రుతి మారిపోతుంటుంది. మనం డోలును మంట దగ్గర కాచుకుని మళ్లీ మళ్లీ సరిచూసుకున్నట్టే వాళ్లూ చూసుకోవాలి, అదీ ఇరవై వాద్యాలూ ఒకే శ్రుతికి వచ్చేదాకా.

ఇప్పుడు ఆ వాద్యం ఎవరిదో చెబుతాను. స్కాట్లాండ్ ఉత్తర భాగమంతా కొండలు, లోయలు. అక్కడివాళ్లు గేలిక్ అనే సొంత భాష మాట్లాడేవాళ్లు. వంశాల కట్టుబాటులో బతికేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు. మైదానంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు వీళ్లను అనాగరికులు అనేవాళ్లు. ఈ మాట మనం కూడా ఎక్కడో విన్నట్టుంది కదా!

1745లో ఆ కొండ వంశాల్లో కొన్ని లండన్ రాజు మీద తిరగబడ్డాయి. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ అనేచోట జరిగిన యుద్ధంలో గంట తిరక్కుండానే ఓడిపోయారు. ఆ తర్వాత వాళ్ల గళ్లబట్ట, నడుముకు చుట్టుకునే కిల్ట్ వేసుకోవడం నేరమని చట్టం వచ్చింది. 1782 దాకా ఆ చట్టం ఉంది. బ్యాగ్‌పైప్‌ను కూడా నిషేధించారని చాలాచోట్ల రాస్తారు. నిజానికి చట్టంలో దాని పేరు లేదు. అయితే జేమ్స్ రీడ్ అనే పైపర్‌ను అదే 1746లో యార్క్ నగరంలో ఉరితీశారు. అతను ఆయుధం పట్టలేదు, వాద్యం వాయించాడంతే. కొండ పటాలం పైపర్ లేకుండా ఎప్పుడూ కదలదు కాబట్టి ఆ వాద్యం కూడా యుద్ధ పరికరమే అన్నది కోర్టు.

ఇంకా విచిత్రం వినండి. పదకొండేళ్ల తర్వాత, 1757లో అదే ప్రభుత్వం ఆ కొండవాళ్లతోనే కొత్త పటాలం కట్టించింది. తిరుగుబాటు నేరం కింద తల నరికిన ఫ్రేజర్ వంశ పెద్ద కొడుకే దాన్ని కూడగట్టాడు. దాని పేరు 78వ ఫ్రేజర్ హైలాండర్స్. వాళ్లను ఓడలెక్కించి కెనడా పంపారు. 1759లో క్విబెక్ యుద్ధంలో పోరాడారు. పటాలంలో ఉంటే కిల్ట్ కట్టొచ్చు, ఇంటి దగ్గర కడితే నేరం. ఈ పటాలం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత భూమి పోయింది. గొర్రెల పెంపకంలో లాభం కనిపించి భూస్వాములు, వాళ్లలో కొందరు సొంత వంశ పెద్దలే, జనాన్ని లోయల్లోంచి వెళ్లగొట్టారు. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్లకు నిప్పుపెట్టి ఖాళీ చేయించారు. ఇట్లా కదిలినవాళ్లలో చాలామంది ఓడలెక్కి కెనడా చేరారు. అంతకు ముందే, 1773లో హెక్టర్ అనే ఓడ సుమారు 200 మంది కొండవాళ్లతో నోవా స్కోషియా ఒడ్డుకు చేరింది. ప్రయాణం ఖర్చు కట్టలేని పైపర్ ఒకడు ఆ ఓడెక్కాడట. దింపేస్తామంటే, మా తిండిలో వాటా పెట్టుకుంటాం, ఉండనివ్వండి అని మిగతా జనం బతిమాలారట. అక్కడివాళ్లు ఈ కథను ఇప్పటికీ చెప్పుకుంటారు. గోదావరి ముంపు ఊళ్ల నుంచి పునరావాస కాలనీలకు వెళ్లినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. సామాన్ల బండిలో ఏమేం ఎక్కించుకున్నారో, డోలుకు చోటు దొరికిందో లేదో మీకే తెలియాలి.

ఇక బ్యాండు దగ్గరకు వద్దాం.

కెనడా పడమటి తీరంలో ఫ్రేజర్ నది ఉంది. జంతుచర్మాల వ్యాపారం చేసే కంపెనీలో పనిచేసిన సైమన్ ఫ్రేజర్ 1808లో ఆ నది వెంట సముద్రం దాకా వెళ్లాడు. అతని తల్లిదండ్రులు స్కాట్లాండ్ కొండవాళ్లు. నదికి అతని పేరు పెట్టారు. 1965లో బర్నబీ కొండ మీద పెట్టిన విశ్వవిద్యాలయానికీ అదే పేరు. పేరు స్కాట్లాండ్‌ది కాబట్టి మరుసటి ఏడాది, 1966లోనే ఒక పైప్ బ్యాండు పెట్టుకున్నారు. ఉత్సవాలకు, పట్టాల పండగలకు ముందు నడిచే బ్యాండు. అట్లాంటివి లోకంలో వందలున్నాయి.

దాని దశ మారింది 1981లో. టెర్రీ లీ అనే ఆయన పైప్ మేజర్ అయ్యాడు. పైప్ మేజర్ అంటే బ్యాండుకు గురువు, నాయకుడు, శ్రుతి చూసేవాడు, మందలించేవాడు అన్నీ ఆయనే. సోదరుడు జాక్ లీ పక్కన నిలబడ్డాడు. టెర్రీ లీ 2013 దాకా, 32 ఏళ్లు ఆ బాధ్యతలో ఉన్నాడు. ఒక్క మనిషి ఒకే పనిలో 32 ఏళ్లు! మన యువజన సంఘాల్లో అధ్యక్షుడు మూడేళ్లు ఉంటే ఇంకొకరికి అవకాశం ఇవ్వరా అంటాం. పదవికి ఆ మాట సరైనదే. గురువుకు మాత్రం వర్తించదు.

ఇంకో మాట. పేరు విశ్వవిద్యాలయానిదే గానీ వాయించేవాళ్లలో ఎక్కువమంది అక్కడి విద్యార్థులు కారు. రకరకాల ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు, సెలవు రోజుల్లో సాధనకు వచ్చేవాళ్లు. వాయించడం వాళ్లకు జీతం తెచ్చే పని కాదు.

ప్రపంచ పోటీ ఎట్లా జరుగుతుందో చెప్పకపోతే వాళ్ల గెలుపు విలువ తెలియదు. ఏటా ఆగస్టులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో జరుగుతుంది. మనం ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటామే, ఇంచుమించు ఆ రోజుల్లోనే. 1947 నుంచి స్కాట్లాండ్ పైప్ బ్యాండ్ సంఘమే దీన్ని నడుపుతోంది. బ్యాండ్లను తరగతులుగా విడదీస్తారు. అందరికంటే పైది మొదటి గ్రేడు. నేర్చుకునే పిల్లలకు వేరే గ్రేడ్లు ఉన్నాయి. మొదటి గ్రేడువాళ్లు రెండు రకాలు వాయించాలి. ఒకటి మార్చ్, స్ట్రాత్‌స్పే, రీల్ అనే మూడు సంప్రదాయ నడకలు వరసగా. రెండోది మెడ్లీ, అంటే తమకు నచ్చినట్టు పాటలు కూర్చుకుని అయిదు నుంచి ఏడు నిమిషాల్లో ముగించేది. ఏడాది పొడుగునా సాధన చేసేది ఆ ఏడు నిమిషాల కోసం.

న్యాయనిర్ణేతలు నలుగురు. ఇద్దరు పైపులు వింటారు, ఒకరు డ్రమ్ములు వింటారు, నాలుగో ఆయన మొత్తం కలయిక ఎట్లా ఉందో వింటాడు. ఒక్కొక్కరు ఎన్నో స్థానం ఇచ్చారో ఆ అంకెలు కూడతారు. తక్కువ వచ్చినవాళ్లే విజేతలు. డ్రమ్ముల మోత లేవగానే పైపులన్నీ ఒక్క క్షణంలో పలకాలి. ఒక్క గొట్టం ముందే మూలిగితే నిర్ణేత కాగితం మీద గీత పడుతుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇది. వాళ్లు బరిలోకి నడుచుకుంటూ వచ్చి వలయంగా నిలబడతారు. ముఖాలు లోపలికి, ఒకరికొకరు కనిపించేట్టు. చూసే జనానికి కనిపించేది వాళ్ల వీపులే! నిర్ణేతలు వలయం చుట్టూ తిరుగుతూ వింటారు. ఒకరి వేళ్లు ఒకరు చూసుకుంటే తప్ప కలిసి వాయించలేరు కాబట్టి ఆ పద్ధతి. మన ఆటలు కూడా వలయంలోనే పుట్టాయి. రేలా పాట అయినా, థింసా అయినా చేయీ చేయీ కలిపి, ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ తిరిగేదే. మనల్ని సభలకు పిలిచి ఏం చేస్తున్నారు? మంత్రిగారి కారు వచ్చేదారిలో రెండు వరసలుగా నిలబెడుతున్నారు. వేదిక ఎక్కిస్తే ముఖాలు కెమెరా వైపు తిప్పమంటున్నారు. అయిదు నిమిషాలు అయ్యీ కాకముందే చాలు దిగమంటున్నారు. ప్రపంచ పోటీలో కూడా ఏడు నిమిషాలే ఇస్తారు, కాదనను. వాళ్లు మాత్రం వీపు చూపించే వాయిస్తున్నారు.

చాలాకాలం ఈ పోటీలో గెలుపు స్కాట్లాండ్ ఇల్లు దాటి పోలేదు. 1981 నుంచి 1986 దాకా వరసగా ఆరేళ్లు గ్లాస్గో పోలీసు బ్యాండే, అంటే స్ట్రాత్‌క్లైడ్ పోలీస్ బ్యాండే గెలిచింది. బయటివాళ్లు వచ్చేవాళ్లు, వాయించేవాళ్లు, చప్పట్లు కొట్టించుకుని వెళ్లేవాళ్లు. 1987లో ఆ గోడ కూలింది. కూల్చింది కెనడావాళ్లే, ఆంటారియో నుంచి వచ్చిన బ్యాండు. దాని పేరేమిటో తెలుసా? 78వ ఫ్రేజర్ హైలాండర్స్. ఇందాక గుర్తుంచుకోమన్న పటాలం పేరే. నాయకుడు బిల్ లివింగ్‌స్టోన్, వృత్తికి వకీలు. ఆ ఏడాది పోటీకి ముందు ఐర్లాండ్‌లో వాళ్లు చేసిన కచేరీ రికార్డును పైపర్లు ఇప్పటికీ వింటుంటారు. వేరేచోట పుట్టినవాళ్లు కూడా ఈ వాద్యాన్ని పలికించగలరని ఆ రోజుతో తేలింది.

సైమన్ ఫ్రేజర్ బ్యాండు వంతు వచ్చేసరికి 1995 అయింది. టెర్రీ లీ పగ్గాలు పట్టిన పద్నాలుగో ఏడు. ఈ లెక్కను కొంచెం ఆగి ఆలోచించండి తమ్ముళ్లూ. పద్నాలుగేళ్లు! మనం డోలు పట్టిన రెండో వారానికే రీలు తీసి ఫోన్‌లో పెడుతున్నాం. (నవ్వులు) పెట్టొద్దనను. ఆ రీలు కింద లైకులు లెక్కపెట్టుకునే టైములో ఇంకో దరువు నేర్చుకోవచ్చు అంటున్నాను. 1995 తర్వాత 1996లోనూ గెలిచారు. 1998లో ఆస్ట్రేలియా నుంచి విక్టోరియా పోలీస్ బ్యాండు గెలిచింది. 1999, 2001, 2008, 2009 మళ్లీ వీళ్లవే. మధ్యలో 1998లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో కచేరీ చేశారు. పెద్ద పెద్ద సంగీత విద్వాంసులు కచేరీలు చేసే వేదిక అది. అక్కడ తోలుసంచుల వాద్యం మోగింది.

వాళ్ల డ్రమ్ముల నాయకుడు రీడ్ మ్యాక్స్‌వెల్ స్కాట్లాండ్ నుంచి వచ్చినవాడు. ఇది కూడా గమనించాలి. పుట్టింటి నుంచి మనిషిని తెచ్చుకున్నారు, పుట్టింటితో తగువు పెట్టుకోలేదు. పోటీ నియమాలు మార్చమనలేదు. మేం దూరం నుంచి వచ్చాం, మాకు రాయితీ ఇవ్వండి అనలేదు.

సరే, అసలు రహస్యం ఏమిటి? డబ్బా? విశ్వవిద్యాలయం పేరా? నా లెక్కలో అవేవీ కాదు. పిల్లలు.

1994లో, అంటే మొదటి గెలుపుకు ఏడాది ముందే, వాళ్లు పిల్లల కోసం వేరే బ్యాండు పెట్టారు. రాబర్ట్ మాల్కం మెమోరియల్ పైప్ బ్యాండ్ అని పేరు. ఇప్పుడది ఒక్క బ్యాండు కాదు, మెట్ల వరస. ఏమీ రాని పిల్లలకు ఒక మెట్టు, కొంచెం వచ్చినవాళ్లకు ఇంకో మెట్టు, పోటీకి వెళ్లేవాళ్లకు ఆపై మెట్టు. ప్రతి మెట్టు మీదా నేర్పేది పెద్ద బ్యాండులో వాయించేవాళ్లే. ప్రపంచ విజేత శనివారం పూట ఎనిమిదేళ్ల పిల్ల పక్కన కూర్చుని వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్తాడన్న మాట. ఆ మెట్లెక్కి వచ్చినవాళ్లే ఇవాళ పెద్ద బ్యాండులో చాలామంది. లీ కుటుంబంలో తర్వాతి తరం కూడా ఆ వలయంలోనే నిలబడింది. అబ్బాయిలతో సమానంగా అమ్మాయిలు ఉన్నారు. మన దగ్గర ఆడపిల్ల పాట పాడాలి, మగవాడు డోలు కొట్టాలి అనే కట్టు చాలాచోట్ల ఉంది. ఇంట్లో నేర్చుకునే మగపిల్లవాడే లేనప్పుడు ఆ కట్టును పట్టుకుని కూర్చోవాలా అన్నది పెద్దలు ఆలోచించాలి. నా మీద కోపం తెచ్చుకున్నా ఫర్వాలేదు.

పిల్లల చేతికి మొదటిరోజే బ్యాగ్‌పైప్ ఇవ్వరు. ప్రాక్టీస్ చాంటర్ అని చిన్న గొట్టం ఇస్తారు. సంచి ఉండదు, శ్రుతి గొట్టాలు ఉండవు, పెద్దగా చప్పుడు కూడా రాదు. నెలల తరబడి దాని మీదే వేళ్లు తిప్పాలి. వేళ్లకు పాట వచ్చాకే సంచి. పాత రోజుల్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. పీబ్రోక్ అనే వాళ్ల గంభీరమైన పాటలను గురువు నోటితో పలికి నేర్పేవాడు. ఒక్కో స్వరానికి, ఒక్కో తాకుడుకు ఒక్కో అక్షరం. ఆ అక్షరాలను పాడుకుంటే వాద్యం లేకుండానే పాట గుర్తుంటుంది. మన డోలు పెద్దలు దరువును ముందు నోటితో పలికి, తర్వాత చేత్తో చూపిస్తారే, సరిగ్గా అట్లాగే. అక్షరం రాని కాలంలో మనవాళ్లు, వాళ్లు ఒకే ఉపాయం కనిపెట్టారు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, వాళ్లు నోటితో నేర్పేది వదలకుండానే రాసి కూడా పెట్టుకున్నారు. 1944లో గ్లాస్గోలో కాలేజ్ ఆఫ్ పైపింగ్ పెట్టారు. 1953లో ఆ కాలేజీ మొదటి పాఠ్యపుస్తకం వచ్చింది. చిన్న పుస్తకమే. కానీ గురువు లేని ఊళ్లో, సముద్రం అవతల ఉన్న పిల్లవాడికి కూడా మొదటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పింది.

2009 తర్వాత సైమన్ ఫ్రేజర్ బ్యాండు ప్రపంచ పోటీ గెలవలేదు. ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన ఫీల్డ్ మార్షల్ మాంట్‌గోమరీ లాంటి బ్యాండ్లు ముందుకు వెళ్లాయి. 2013లో టెర్రీ లీ తప్పుకుని అలన్ బెవన్‌కు అప్పగించాడు. కప్పు కోసమే నడిచే బ్యాండు అయితే ఈపాటికి చెదిరిపోయేది. పిల్లల తరగతులు ఉన్నాయి కాబట్టి ఇది చెదరలేదు.

ఇంతవరకు చెప్పింది విని మీరు చప్పట్లు కొట్టొచ్చు. కానీ ఇదే కథలో ఇంకో సగం ఉంది. ఆదివాసీల సభలో అది చెప్పకపోతే తప్పవుతుంది.

1808లో సైమన్ ఫ్రేజర్ నది చివరికి చేరినప్పుడు అక్కడ మస్క్వియం జాతివాళ్ల ఊరుంది. వాళ్లు ఇతన్ని ఎదిరించి వెనక్కి పంపారు. ఆ నదికి అతని పేరు పడకముందే అక్కడివాళ్ల భాషలో పేరుంది, స్టోలో. బర్నబీ కొండ మస్క్వియం, స్క్వామిష్, స్లేవాటూత్, క్విక్వెట్లమ్ జాతుల నేల. వాళ్లు ఆ భూమిని ఎవరికీ రాసివ్వలేదు. ఆ మాట ఇప్పుడు విశ్వవిద్యాలయమే ఒప్పుకుంటోంది.

ఆ తీరంలోని ఆదివాసీలకు పోట్‌లాచ్ అనే పండగ ఉంది. పెళ్లి, చావు, పేరు పెట్టడం, పెద్దరికం అప్పగించడం, అన్నిటికీ జనాన్ని పిలిచి, డోలు కొట్టి, పాడి ఆడి, ఉన్నది పంచిపెట్టే పండగ. 1884లో కెనడా పార్లమెంటు దాన్ని నేరం చేసింది. 1885 నుంచి అమలు. అప్పటి ప్రధానమంత్రి జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ పుట్టింది ఎక్కడో తెలుసా? గ్లాస్గోలో. కిల్ట్ కట్టుకుంటే నేరమన్న చట్టాన్ని అనుభవించిన జాతి పిల్లలే వేరే దేశానికి పోయి, అక్కడి ఆదివాసీ ఆడితే నేరమన్నారు. 1921లో అలర్ట్ బే దగ్గరి ఒక దీవిలో పోట్‌లాచ్ జరిపినందుకు క్వాక్వకవక్వ జాతివాళ్లలో కొందరిని జైలుకు పంపారు. వాళ్ల ముసుగులు, రాగి పలకలు, గిలకలు పట్టుకుపోయి మ్యూజియాలకు చేర్చారు. చట్టంలోంచి ఆ నిషేధం పోయింది 1951లో. అంటే ఒకే రాష్ట్రంలో, ఒకే కాలంలో, ఒక కొండజాతి పైపు వీధిలో ఊరేగుతుంటే, ఆ నేల సొంతదారుల డోలు అటకెక్కి దాక్కుంది.

ఆ పైపర్ల మీద నాకు కోపం లేదు. ఎనిమిదేళ్ల పిల్ల చాంటర్ నేర్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. మరి వాద్యం బతకడానికి సాధన ఒక్కటే చాలదు, అది మోగడానికి చోటు కూడా కావాలి. స్కాట్లాండ్ వాద్యానికి సైన్యం చోటిచ్చింది, పోలీసు శాఖ చోటిచ్చింది, విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలర్ట్ బే వాళ్ల డోలుకు ఎవరూ ఇవ్వలేదు. వాళ్లే పోరాడి, పోయిన ముసుగులను ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకుని, 1980లో ఉమిస్తా అనే సాంస్కృతిక కేంద్రం కట్టుకున్నారు. వాళ్ల భాషలో ఉమిస్తా అంటే పోయింది తిరిగి రావడం.

మనం ఈ ఇద్దరిలో ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఇద్దరి దగ్గరా. అలర్ట్ బే వాళ్ల దగ్గర పట్టుదల, బర్నబీ వాళ్ల దగ్గర మెట్ల వరస. పోటీని మాత్రం జాగ్రత్తగా చూడాలి. పోటీ సాధన చేయిస్తుంది, నిజమే. కానీ గెలిచినవాళ్లలా వాయించాలని అందరూ ఒకేలా వాయించే ప్రమాదం కూడా ఉంది. మనకు ఒక్కో గూడేనికి ఒక్కో దరువు. జాతరకు ఒకటి, పెళ్లికి ఒకటి, చావుకు ఒకటి. కాలేజీ పోటీల్లో చప్పట్లు వచ్చే దరువు ఒక్కటే మిగిలి, చావు దరువు ఎవరికీ రాకుండా పోతే, ఆ కప్పు తెచ్చి ఎక్కడ పెట్టుకుంటాం?

2024 మనకు చెడ్డ ఏడాది. జూన్‌లో సకిని రామచంద్రయ్య గారు పోయారు. కోయ డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథను, వంశాల చరిత్రను పాడినవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అక్టోబరులో మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారు పోయారు. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరికీ మనం ఊరేగింపులు చేశాం, ఫ్లెక్సీలు కట్టాం. వాళ్ల పక్కన రోజూ కూర్చుని నేర్చుకున్నవాళ్లు మనలో ఎంతమంది? చేతులు ఎత్తమని అడగను.

మన సంఘం పెద్దలతో మాట్లాడి ఒక పని ఒప్పించాను. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి, ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా సంఘం వరండాలో డోలు తరగతి ఉంటుంది. ఇద్దరు పెద్దలు నేర్పడానికి ఒప్పుకున్నారు. వాళ్లకు రానుపోను బస్సు చార్జీ, పూట భోజనం సంఘం చూసుకుంటుంది. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలెవరైనా రావచ్చు, ఆడపిల్లలు కూడా. కాలేజీ చదివేవాళ్లు రెండు పనులు చేయాలి. పెద్దలు చెప్పే ప్రతి దరువును ఫోన్‌లో రికార్డు చేసి, అది ఏ ఊరిది, ఏ సందర్భానిది, ఎవరు చెప్పారు అన్నది నోటుపుస్తకంలో రాయాలి. చావు దరువును, కొలుపు దరువును పెద్దల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. రెండో పని, మీకు వచ్చింది మీకంటే చిన్నవాడికి నేర్పాలి.

డోలు లేదని ఎవరూ ఆగిపోవద్దు. మొదటి మూడు నెలలు చేతికి డోలు ఇవ్వం. నోటితో దరువు పలకడం, మోకాలి మీద చేత్తో కొట్టడం అంతే. పేర్లు ఇవాళే ఇవ్వండి, పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది.

జై ఆదివాసీ.